కొవ్వు రుచి గుర్తుంది, పోగు గుర్తుందా?



కోత పండుగ దగ్గర పడింది. ప్రేమ విందులో ఈసారి ఏం వండాలి అనే ప్రస్తావన రాగానే మన వాట్సాప్ గ్రూపులో మూడు రకాల మాటలు వినిపించాయి. హైదరాబాదులోను, బెంగళూరులోను పని చేసుకుంటున్న మన పిల్లలు కొందరు, ఈసారి పాత పద్ధతిలో వండిద్దాం, అమ్మమ్మలు కొవ్వు కరిగించి చేసిన గోంగూర తునకల కూర తిని ఎన్నేళ్ళయిందో అన్నారు. ఇంకొందరు, బయటివాళ్ళు కూడా విందుకు వస్తారు, కొవ్వు, తునకలు అంటే వాళ్ళేమనుకుంటారు, కోడికూర, పప్పుచారు చాలు అన్నారు. ఒక సహోదరి, లేవీయకాండంలో కొవ్వు తినకూడదని రాసి ఉంది కదా పాస్టరు గారూ అని అడిగారు. మూడూ తీసిపారేయదగ్గ మాటలు కావు. అందుకే వాక్యం ముందు పెట్టుకుని మా అభిప్రాయం రాస్తున్నాం.

ముందు ఆ వంట సంగతి. మన చిన్న పిల్లల్లో చాలామందికి అది తెలియదు. ఊళ్ళో పెద్దకూర కోసిన రోజున తాటాకుల మీద పోగులు పెట్టేవారు. ఎన్ని ఇళ్ళు అడిగితే అన్ని పోగులు. ప్రతి పోగులో కాస్త కండ, ఒక ఎముక, కొంచెం కార్జం, బోటి, ఒక కొవ్వు ముక్క తప్పకుండా ఉండాలి. ఒకరికి మెత్తటి కండ అంతా వెళ్ళి, ఇంకొకరికి ఎముకలు మిగిలితే ఊరుకునేవారు కాదు. డబ్బు ఉన్నవాళ్ళు అప్పుడే ఇచ్చేవారు, లేనివాళ్ళు పంట ఇంటికొచ్చాక ఇచ్చేవారు. ఇంటికి తెచ్చాక మన తల్లులు కొవ్వును వేరుచేసి, చిన్న ముక్కలు కోసి, మూకుట్లో వేసి సన్నటి సెగ మీద కరిగించేవారు. కరిగింది సీసాలోకి వంచి పెడితే చల్లారి తెల్లగా గడ్డకట్టేది. మూకుట్లో మిగిలిన కరకరలాడే ముక్కల మీద ఉప్పు, కారం చల్లి పిల్లల చేతుల్లో పెట్టేవారు. మాంసాన్ని పొడవుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెడితే అవే తునకలు. వాన పట్టి కూలి లేని రోజుల్లో గుప్పెడు తునకలు నానబెట్టి, గోంగూరలోనో దోసకాయలోనో వేసి, ఆ గడ్డకట్టిన కొవ్వు ఒక చెంచా తాలింపుకు వేస్తే, జొన్నన్నం కుండ ఖాళీ అయ్యేది.

నూనె ఉండగా కొవ్వెందుకు అని ఈ కాలపు పిల్లలు అడగవచ్చు. నూనె కొనాలి. చిన్న సీసా పట్టుకుని కొట్టుకు వెళ్ళి, ఆ పూటకు సరిపడా పోయించుకుని వచ్చే ఇళ్ళు మనవి. కొవ్వు పోగుతో పాటే వచ్చేది. నెయ్యి అయితే ఇంకా దూరం. గేదెలను మేపింది మన తాతలు. పేడ ఎత్తింది మన నానమ్మలు. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి ఆసాముల ఇళ్ళల్లో ఉండిపోయేవి. మనవాళ్ళ ముంతలోకి వచ్చింది వెన్న తీసేసిన మజ్జిగ. ఆ గేదె పాలిచ్చినన్నాళ్ళు దాని కొవ్వు నెయ్యి రూపంలో ఒక ఇంటికి వెళ్ళింది. పాలు ఉడిగాక, కోతకు వచ్చాక, దాని ఒంట్లో మిగిలిన కొవ్వు ఇంకొక ఇంటికి వచ్చింది. రెండూ ఒకే పశువు ఇచ్చినవే. అయినా ఈరోజు ఒకదాని గురించి పత్రికల్లో, వీడియోల్లో మురిసిపోతూ చెప్పుకుంటారు. అమ్మమ్మ నేతిగిన్నె అంటే అందరి కళ్ళూ చెమరుస్తాయి. రెండోదాని గురించి గొంతు తగ్గించి మాట్లాడతాం. హాస్టల్లో చదివే మన పిల్లలు, మీ ఇంట్లో ఏం వండుతారు అని ఎవరైనా అడిగితే, చికెన్ అని చెప్పి తప్పించుకుంటారు. ఈ సిగ్గు గురించి కూడా వాక్యం ఏమంటుందో చూడాలి.

ఇప్పుడు సహోదరి అడిగిన ప్రశ్న. లేవీయకాండము 3వ అధ్యాయం చివరలోను, 7వ అధ్యాయం 23వ వచనం మొదలుకొనియు ఎద్దు, గొఱ్ఱె, మేక కొవ్వు తినవద్దని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఉంది. అది నిజం. అయితే ఎందుకు వద్దన్నాడో కూడా అక్కడే ఉంది. ఆంత్రముల మీది కొవ్వు, మూత్రగ్రంథుల మీది కొవ్వు బలిపీఠం మీద దహించాలి, అది యెహోవాది. అంటే కొవ్వు మురికిదని తీసి పక్కన పెట్టలేదు. అన్నిటిలో శ్రేష్ఠమైనదని దేవుని భాగంగా పెట్టారు. కొవ్వుకు హెబ్రీ భాషలో హేలెబ్ అనే మాట ఉంది. సంఖ్యాకాండము 18:12లో నూనెలోను, ద్రాక్షారసంలోను, ధాన్యంలోను ప్రశస్తమైన భాగానికి కూడా ఆ మాటే వాడారు. ఆదికాండము 45:18లో యోసేపు అన్నదమ్ములకు ఫరో ఇస్తానన్న దేశపు సారం కూడా ఆ మాటే. హేబెలు తన మందలో తొలిచూలు వాటిని, వాటిలో కొవ్విన వాటిని తెచ్చాడు. దావీదు యూదా అరణ్యంలో ఉన్నప్పుడు, దేవుని సన్నిధిలో తనకు కలిగే తృప్తిని కొవ్వుతోను మూలుగుతోను పోల్చుకున్నాడు. ఆకలి తెలిసినవాడు కనుకనే ఆ పోలిక ఆయన నోట వచ్చింది. మన అమ్మమ్మలకు ఆ కీర్తన అర్థం చెప్పనక్కర లేదు.

ఆ ఆజ్ఞ బలిపీఠానికి చెందినది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసులకు యెరూషలేము పెద్దలు రాసి పంపిన పత్రికలో విగ్రహాలకు అర్పించినవి, రక్తము, గొంతు పిసికి చంపినవి, జారత్వము అనే నాలుగు సంగతులున్నాయి. కొవ్వు మాట అందులో లేదు. కనుక కొవ్వు తిన్న విశ్వాసి ధర్మశాస్త్రం మీరినట్టు కాదు. తినని విశ్వాసి ఎక్కువ పరిశుద్ధుడూ కాడు.

మన సంఘ చరిత్రలో ఒక సంగతి చాలామందికి సగమే గుర్తుంది. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు 1866లో పని మొదలుపెట్టినప్పుడు, తోలు వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య గారి ద్వారా సువార్త పల్లెల్లోకి వెళ్ళింది. 1876 నుంచి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ కాలంలో కొత్త విశ్వాసులకు చెప్పిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలను పూజించకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు.

ఈ మూడో నియమాన్ని మనలో కొందరు పొరపాటుగా అర్థం చేసుకున్నారు. మిషనరీలు పెద్దకూర మానమన్నారని అనుకుంటారు. మానమన్నది దానంతట అది చచ్చిన పశువు మాంసం. ద్వితీయోపదేశకాండము 14:21లో ఇశ్రాయేలీయులకు ఉన్న ఆజ్ఞ కూడా అదే. ఆ రోజుల్లో ఊళ్ళో పశువు చస్తే ఈడ్చుకు వెళ్ళడం మాదిగపల్లె మీద ఉన్న వెట్టి. ఆ చచ్చిన గొడ్డే ఆ వెట్టికి ప్రతిఫలం. దాన్ని తినం అన్నారంటే జబ్బు నుంచి తప్పించుకోవడమే కాదు, ఆ వెట్టికి ఎదురు చెప్పడం కూడా. అందుకే ఊరి పెద్దలు వాళ్ళను బాధపెట్టారు. 1927 మార్చిలో మహద్ సభలో డాక్టర్ అంబేద్కర్ గారు కూడా తన ప్రజలతో చచ్చిన గొడ్డు తినడం మానమనే చెప్పారు. కనుక మన పెద్దలు విడిచిపెట్టింది బానిస కూడు. వాళ్ళు తమ కష్టంతో కొని, పోగులు పంచుకుని, శుభ్రంగా వండుకున్న కూడును విడిచిపెట్టలేదు. ఆ రెంటినీ కలిపేసి మొత్తంగా సిగ్గుపడితే, ఎదురు తిరిగి నిలబడిన ఆ పెద్దల సాక్ష్యాన్నే మనం మరచినట్టు.

అయితే సిగ్గు పోవాలంటే గొప్పలు మొదలుపెట్టాలని కాదు ప్రియులారా. సంఖ్యాకాండము 11వ అధ్యాయం చదవండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు పాత వంటను తలుచుకుని ఏడ్చారు. ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. ఇటుకలు గుర్తు రాలేదు. కొరడా గుర్తు రాలేదు. నైలు నదిలో పారేసిన మగపిల్లలు గుర్తు రాలేదు. నాలుక జ్ఞాపకం ఎప్పుడూ అలాగే ఉంటుంది, తనకు కావలసింది ఏరుకుంటుంది.

మనమూ పాత వంట రుచి అంటున్నాం. ఆ వంట వండిన తల్లి పొగలో కళ్ళు తుడుచుకున్నది గుర్తుందా? ఇంట్లో మగవాళ్ళు, పిల్లలు తిన్నాక కుండ అడుగున మిగిలిన పులుసుతో ఆమె తిన్నది గుర్తుందా? తునకలు ఇన్నే ఉన్నాయని లెక్కపెట్టి వేసింది రుచి కోసం కాదని గుర్తుందా? మా సంఘంలో ఒక పెద్దావిడను, ఆ రోజుల వంట మళ్ళీ తినాలని ఉందా అమ్మా అని అడిగాం. తినాలని ఉందయ్యా, ఆ రోజులు మాత్రం వద్దు అన్నారు. ఈ వ్యాసమంతా ఆవిడ ఒక్క మాటలో చెప్పేశారు.

ఆరోగ్యం సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. పాతకాలం కొవ్వు అమృతం, ఇప్పటి నూనెలన్నీ విషం అని ఫోన్లలో తిరిగే మాటలు నమ్మకండి. కొవ్వులోను, నెయ్యిలోను ఉండే సంతృప్త కొవ్వు రోజులో మనం తినే మొత్తం కేలరీల్లో పదోవంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి అది దాదాపు 22 గ్రాములు. రెండు పెద్ద చెంచాల నెయ్యితోనే ఆ లెక్క చాలావరకు నిండిపోతుంది. మన పెద్దలు నెలకు ఒకటి రెండుసార్లు కొవ్వు కూర తిని, తెల్లవారేసరికి నాట్లకో, కోతలకో వెళ్ళి పొద్దుగూకేదాకా వంగి పని చేశారు. మనం బండి మీద వెళ్ళి కుర్చీలో కూర్చుని వస్తున్నాం. సంఘంలో బీపీ మాత్ర, షుగర్ మాత్ర లేని ఇల్లు వెతకాల్సిందే. గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు మాట వినాలి. అమ్మమ్మ తొంభై ఏళ్ళు బతికింది అని వాదించకూడదు.

అలాగని కొవ్వు మానేసి మనం దేనికి మారామో కూడా చూసుకోవాలి. 1937లో డాల్డా వచ్చింది. నెయ్యి కొనలేని ఇళ్ళల్లోకి నెయ్యి మాదిరిగా అది నడిచింది. నూనెను గడ్డకట్టించే ఆ పద్ధతిలో పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకు చేసే చేటు తరువాతి కాలంలో తేలింది. మన దేశంలో నూనెల్లో, వనస్పతిలో దాన్ని 2 శాతానికి మించనివ్వకూడదనే నియమం 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఆ తర్వాత మన ఇళ్ళల్లోకి పామాయిల్ ప్యాకెట్ వచ్చింది. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. గొడ్డు కొవ్వులోనూ దాదాపు సగమే. అమ్మమ్మ నెలకు ఒక చెంచా వేసింది, మనం రోజూ బజ్జీలు, పూరీలు ముంచి తీస్తున్నాం. విందుల్లో ఉదయం వడలు వేసిన నూనెలోనే మధ్యాహ్నం అప్పడాలు, మర్నాడు ఇంకొకటి వేయించడం చూస్తున్నాం. నాగరికంగా మారామని అనుకుంటూ, పాతవాళ్ళ కంటే ఎక్కువ కొవ్వే తింటున్నాం. కనుక నాగరికం పేరు చెప్పి అమ్మమ్మ మూకుడును తక్కువగా చూసే హక్కు మనకు లేదు.

మరి ఆ పాత వంటలో మనం నిలుపుకోవలసింది ఏమిటి? మా దృష్టిలో అది పోగు. నెహెమ్యా 8వ అధ్యాయంలో చెర నుంచి తిరిగి వచ్చిన జనులు నీటి గుమ్మం ఎదుట నిలబడి ఎజ్రా చదివిన ధర్మశాస్త్రం విని ఏడ్చారు. ఏడవవద్దని చెప్పి, వెళ్ళి కొవ్వినవి తినండి, మధురమైనవి తాగండి అన్నారు. అక్కడితో ఆగలేదు. తమ కోసం ఏమీ సిద్ధం చేసుకోలేని వారికి భాగాలు పంపించండి అని కూడా చెప్పారు. తినడం, పంపడం ఒకే ఆజ్ఞలో ఉన్నాయి. ఆ భాగాన్ని మన పల్లె భాషలో పోగు అంటాం. కూలికి పోలేక మంచం పట్టిన ముసలివాళ్ళకు, మగదిక్కులేని విధవరాలికి పోగు వెళ్ళిన ఇళ్ళు మనకు తెలుసు. కరిగించిన కొవ్వు ఒక గరిటె, కూర ఒక గిన్నె గోడ మీదుగా పక్కింటికి వెళ్ళేవి. మర్నాడు ఆ గిన్నె ఖాళీగా తిరిగి వచ్చేది కాదు. నాలుగు మిరపకాయలో, గుప్పెడు గోంగూరో దానిలో వచ్చేది.

దేవుడు కోపించింది కొవ్వు తిన్నవాళ్ళ మీద కాదు, పోగు కాజేసినవాళ్ళ మీద. ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు కొవ్వు దహించకముందే బలవంతంగా మాంసం లాక్కున్నారు. యెహెజ్కేలు 34వ అధ్యాయంలో మందను మేపకుండా కొవ్విన వాటిని తినే కాపరులను దేవుడు గద్దించాడు. ఆ మాట ముందుగా పాస్టర్లమైన మాకే. విందులో మంచి ముక్క పాస్టరు గారి కంచంలోకి ముందు వస్తుంది. ప్రేమతోనే వేస్తారు, కాదనం. కానీ ఆఖరి పంక్తిలో కూర్చున్నవాళ్ళకు పులుసే మిగిలితే ఆ ముక్క మాకు మింగుడుపడకూడదు.

కోత పండుగ విషయంలో మా మనవి ఇది. పాత కూర ఒక గుండిగలో వండిద్దాం, దాచిపెట్టకుండా దాని పేరు చెప్పి వడ్డిద్దాం. కోడికూర, పప్పు వేరే గుండిగల్లో, వేరే గరిటెలతో ఉండాలి. రోమా పత్రిక 14వ అధ్యాయం ప్రకారం తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. విందుకు వచ్చే పొరుగువారి విస్తరి మీద మన గొప్ప చూపించవద్దు. దాన్ని ఫోటో తీసి ఎవరినో రెచ్చగొట్టడానికి పెట్టవద్దు. వంట దగ్గర ఇద్దరు పెద్దతల్లులను కూర్చోబెట్టి, పిల్లలు వాళ్ళ చేత చెప్పించుకుని రాసుకోవాలి, ఎంత కొవ్వు, ఎంత సెగ, ఎంత ఉప్పు అని. ఆ రోజుల సంగతులు కూడా అడగాలి, రుచితో పాటు కష్టం కూడా రాసుకోవాలి. కూలి ఇచ్చి వంటవాళ్ళను పెట్టుకుందాం, ఆ రోజు మన తల్లులు ముందు పంక్తిలో కూర్చుని తినాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మొదటి పంక్తి కూర్చోకముందే మొదటి గిన్నెలు గుడికి రాలేని వారి ఇళ్ళకు వెళ్ళాలి. మంచం పట్టినవారు, కొడుకులు పట్నంలో ఉండి ఒంటరిగా ఉన్నవారు మన సంఘంలో ఎవరెవరో మనకు తెలుసు. పత్యం ఉన్నవాళ్ళకు పప్పన్నం గిన్నె వెళుతుంది.

దూరంగా ఉన్న బిడ్డలారా, మీరు పండుగకు రాలేకపోతే ఆ రోజు అమ్మకు ఫోన్ చేసి కూర ఎలా వచ్చిందని అడగడంతో పాటు, పక్కింటికి పంపావా అమ్మా అని కూడా అడగండి. మీ అపార్ట్‌మెంటులో కాపలా కాసే తాతకు ఆ పూట ఒక గిన్నె పట్టుకెళ్ళండి. ఏం వండావు అని ఎవరైనా అడిగితే తల దించుకోకుండా పేరు చెప్పండి.

ప్రేమగల తండ్రీ, మా తల్లుల చేతి కూటిని బట్టి నీకు స్తోత్రం. ఆకలి రోజుల్లో మాకు పోగు పంపినవారిని ఆశీర్వదించు. నీవు ఇచ్చిన దాన్నిబట్టి సిగ్గుపడకుండా, గర్వపడకుండా, మా భాగంలో నుంచి లేనివారికి పంపే మనసు మాకు దయచేయుము. యేసు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ. ఆమేన్.